యాభై గొర్రెలకు ఒక మనిషి

మా నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు దిగినవాళ్ళు ముందు అడిగేది బాత్రూమ్ ఎక్కడని, తర్వాత అడిగేది చాయ్ ఎక్కడని. రెండింటికీ అందరూ మా హోటల్ వైపే వేలు చూపిస్తారు. పదహారేళ్ళుగా నేను, మా ఆయన ప్రవీణ్ కలిసి దీన్ని నడుపుతున్నాం. వెనకాల ఒక ఫంక్షన్ హాలు కూడా ఉంది. వంట ఆయన చూసుకుంటాడు, కౌంటర్ మీద నేను కూర్చుంటాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని, నన్ను చూస్తే బేరమాడబోయినవాడు కూడా నోరు మూసుకుంటాడని ఆయన అంటాడు. నిజమే కావచ్చు.

మొన్న పేపరువాళ్ళు వచ్చి, "కెప్టెన్ ఉమారాణి మీ స్నేహితురాలట కదా, ఆమె గురించి చెప్పండి" అన్నారు. గంటసేపు చెప్పాను. చాయ్ తాగి వెళ్ళి, "ఆకాశానికి ఎగసిన గొర్రెల కాపరి బిడ్డ" అని పెద్ద అక్షరాలతో వేశారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె ఎగరడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది, అది ఇప్పుడు వార్తా? ఆమె చేసిన అసలు పని నేలమీద జరిగింది. మా ఫంక్షన్ హాలులో, మా భోజనం టోకెన్లతో, నా కళ్ళముందు జరిగింది. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

ఉమ, నేను మోత్కూర్ హైస్కూల్లో ఒకే బెంచి. మాది వ్యవసాయం, వాళ్ళది గొర్రెల మంద. వాళ్ళ నాయిన రామచంద్రయ్యను నేను పెద్దనాయిన అని పిలుస్తాను. ఆయన చదువుకోలేదు, కానీ పొద్దున్నే మంద దొడ్డి దాటుతుంటే వేళ్ళ గణుపుల మీద బొటనవేలు జరుపుతూ మూడు నాలుగు వందల గొర్రెలను తప్పు లేకుండా లెక్కపెట్టేవాడు. ఒకటి తగ్గితే అక్కడికక్కడే ఆగిపోయేవాడు. అది దొరికేదాకా మంద కదిలేది కాదు.

ఏటా వరికోతలు అయిపోగానే ఆయన మందను తోలుకుని కృష్ణ కాలువల కిందికి పోయేవాడు. అక్కడి రైతులు కోసిన మళ్ళలో గొర్రెలను పండబెట్టించుకుంటారు. పొలానికి ఎరువు, గొర్రెలకు మేత. ఇరవయ్యో ముప్పయ్యో గొర్రెలున్న చిన్నవాళ్ళు అంతదూరం ఒంటరిగా పోలేరు. దారిలో దొంగలుంటారు, తోడేళ్ళుంటాయి. అందుకని పెద్దనాయిన మందలో తమవీ కలుపుతామని వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతివాడికీ ఆయన ఒకటే చెప్పేవాడు, యాభైకి మించి కలపొద్దని. ఆ మాట వింటూనే ఉమ పెరిగింది. మేం లెక్కల పరీక్షకు చదువుకుంటుంటే కూడా పక్కన అరుగుమీద ఆ మాట వినిపిస్తూ ఉండేది.

నల్లగొండలో డిగ్రీ అయ్యాక ఉమ పైలట్ అవుతానంది. ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. పెద్దనాయిన మాత్రం నవ్వలేదు.

"గాలిమోటర్ మీదికెల్లి సూస్తె మన గొర్లు కనవడ్తయా బిడ్డా?" అని అడిగాడు.

"చీమలంత గూడ కనవడయ్ నాయిన."

"గట్లైతే గదేం సదువే!" అన్నాడు. అన్నాడే గాని, వారం తిరక్కుండా సగం మంద అమ్మేశాడు. మిగిలింది స్కాలర్‌షిప్పుతో నెట్టుకొచ్చింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, రెండు వేల పదిహేనులో, కృష్ణవేణి ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌గా చేరింది. జెట్ విమానాలు, పెద్ద పెద్ద ఊళ్ళు. మొదటి జీతంతో వాళ్ళ నాయినకు కొత్త గొంగడి కొనిచ్చింది. నాకు మాత్రం ఒక ఫోన్ కవరు. ఇప్పటికీ దెప్పుతుంటాను.

ఇక్కడ మీకు ఒక సంగతి విడమరిచి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. రెండు వేల పదిహేడులో కృష్ణవేణివాళ్ళు పక్కనే ఇంకో చిన్న కంపెనీ తెరిచారు. నాందేడ్, కడప, హుబ్లీ లాంటి చిన్న ఊళ్ళకు పంకాలు తిరిగే చిన్న విమానాలు నడపడానికి. దాని పైలట్లు వేరు, జీతాలు దాదాపు సగం. పెద్ద కంపెనీ పైలట్ల గుండెల్లో రాయి పడింది. మీకు అర్థమయ్యేలా చెప్తాను. నేను మా వంటమాస్టరును ఉంచుకునే, హోటల్ పక్కన ఒక బండి పెట్టి, సగం జీతానికి ఇంకో మాస్టరును తెచ్చి నాలుగు దోసెలు పోయిస్తాననుకోండి. మా మాస్టరు ఊరుకుంటాడా? ఇవాళ దోసెలు, రేపు బిర్యానీ, ఎల్లుండి నువ్వు ఇంటికి పో అంటారని భయపడడా? వాళ్ళ భయమూ అదే. అందులో తప్పేమీ లేదు.

పైలట్ల యూనియన్‌కు అధ్యక్షుడు కెప్టెన్ కృష్ణకాంత్. మహబూబ్‌నగర్ మనిషి, యాభై దాటాడు, గొంతు గట్టిది. చిన్న కంపెనీ తెరుచుకోండి గాని, దాని విమానాల సైజుకు హద్దు పెట్టాల్సిందేనని మేనేజ్‌మెంట్‌తో పోట్లాడి ఒప్పించాడు. ఆ హద్దు రాసే పని కమిటీ సెక్రటరీగా ఉన్న ఉమ మీద పెట్టారు. ఆమె రాసింది ఒకే వాక్యం: చిన్న కంపెనీ యాభై సీట్లకు మించిన విమానం ఏదీ నడపరాదు. మీటింగులో రెండు గంటలు వాదించి ఆ వాక్యాన్ని గెలిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"యాభై ఎక్కడిదో తెల్సా స్వరూపా? మా నాయినదే! మందల కలిపెటోళ్ళకు పెట్టిన లెక్కే తెచ్చి గాలిమోటర్లకు పెట్టిన."

నేనూ నవ్వాను. ఇద్దరం తెలివిగల్లోళ్ళమే!

మూడేళ్ళకు కరోనా వచ్చింది. విమానాలన్నీ నేలమీద నిలబడ్డాయి. పెద్ద కంపెనీ ఇరవై నాలుగు జెట్లలో ఆరింటిని తీసేసింది. చివర్లో చేరిన పైలట్లను ఇంటికి పంపుతామంటే యూనియన్ అడ్డుపడి, కొందరిని చిన్న కంపెనీకి మార్పించింది. ఆ కొందరిలో ఉమ ఉంది. యూనియన్‌లో ఓటు ఉంది, ముందు చేరినవాళ్ళకు ముందు అవకాశమనే పెద్ద కంపెనీ సీనియారిటీ లిస్టులో పేరు ఉంది, కూర్చున్నది మాత్రం నలభై ఎనిమిది సీట్ల పంకాల విమానంలో. తను గీసిన గీతకు అవతల తనే నిలబడింది. "మంచిగైంది, బాగ రాసుకున్నవ్ గద" అని నేను వెక్కిరిస్తే ఆ రోజు ఫోన్ పెట్టేసింది.

కానీ అక్కడ ఆమెకు బాగా కుదిరింది. కెప్టెన్ అయింది. హైదరాబాద్ దవాఖానల్లో చూపించుకోవడానికి వచ్చే ముసలివాళ్ళు, మొదటిసారి విమానమెక్కి సీటు బెల్టు ముడివేసుకునేవాళ్ళు, దిగేటప్పుడు ఆమెకు దండం పెట్టి పోయేవాళ్ళు. ఆ కంపెనీలో నలభై నాలుగు మంది సొంత పైలట్లున్నారు. అలంపూర్ దగ్గరి శివకృష్ణ అందులో అందరికంటే సీనియర్. నెమ్మదస్తుడు. ఉమకు అతనంటే తమ్ముడిలెక్క. ఈ నలభై నాలుగు మందికి యూనియన్‌లో సభ్యత్వం లేదు, పెద్ద కంపెనీ లిస్టులో చోటు లేదు.

రెండు వేల ఇరవై నాలుగు జనవరిలో పిడుగు పడింది. ఆ నలభై ఎనిమిది సీట్ల విమానాలు లీజువి. మార్చి ఆఖరుకు వాపసు తీసుకుంటామని యజమానులు చెప్పేశారు. అంత చిన్నవి మళ్ళీ ఎక్కడా దొరకవట. దొరికేవన్నీ డెబ్బై రెండు సీట్లవి. అవి తేవాలంటే యాభై సీట్ల హద్దు అడ్డం. యూనియన్ హద్దు తీయకపోతే మార్చి ముప్పై ఒకటిన చిన్న కంపెనీకి తాళం వేస్తామని మేనేజ్‌మెంట్ నోటీసు అంటించింది. అంతటితో పోతుందా? జెట్లలో ఎక్కేవాళ్ళలో మూడోవంతు ఈ చిన్న ఊళ్ళ నుంచి వచ్చి మారేవాళ్ళే. చిన్నది మూతపడితే పెద్దది ఏడాది కూడా నిలవదని ఉమ అన్నది. ముందటేడే ఇంకో విమానాల కంపెనీ మూతపడి, దాని పైలట్లు ఉద్యోగాల కోసం ఎక్కే గడప దిగే గడపగా తిరిగారు. అది అందరూ చూశారు. అయినా కృష్ణకాంత్ ససేమిరా అన్నాడు. ఇవాళ డెబ్బై రెండు అంటే రేపు జెట్లంత నూట ఎనభై అంటారని ఆయన వాదం.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఉమ మా హోటల్‌కు వచ్చింది. పెద్దనాయినకు కంటి ఆపరేషన్ అయితే ఇక్కడి దవాఖానలో చూపించడానికి తీసుకొచ్చింది. ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, భుజాన గొంగడి వేసుకుని దొరలా కూర్చున్నాడు. వంటింట్లోనే బల్ల వేయించి ఇద్దరికీ భోజనం పెట్టాను. ఉమ అన్నం కెలుకుతోంది గాని తినడం లేదు.

"ఏమైందే? కూర మంచిగ లేదా?"

"కూరకేమైంది. నా రాతతోని నలభై నాలుగు మంది ఇండ్లల్ల పొయ్యి ఆరిపోతాంది స్వరూపా. శివకృష్ణ పెండ్లానికి ఎనిమిదో నెల. నిన్న వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు." అని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి. పదో తరగతిలో చెయ్యి విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

పెద్దనాయిన ముద్ద ఆపాడు. "ఏం రాత రాసినవ్?"

ఉమ చెప్పింది. గాలిమోటరుకు యాభై సీట్లకంటే ఎక్కువ ఉండొద్దని రాశానని చెప్పింది.

"యాభయ్యే ఎందుకు? ఎవలు చెప్పిన్రు యాభై?"

"నువ్వే నాయిన. మందల కలిపెటోళ్ళకు యాభైకి మించద్దని నువ్వనెటోనివి గద. గదే పెట్టిన."

పెద్దనాయిన కళ్ళద్దాలు తీసేశాడు. వారందాకా తీయొద్దని డాక్టరు చెప్పి గంట కూడా కాలేదు.

"నేను గట్ల ఎన్నడన్న?"

"ఎన్నడన్న అంటవేంది? నా చెవులతోని విన్న."

"మనిషి లేకుంట యాభైకి మించద్దన్న! యాభై గొర్లకు ఒక మనిషి. నూరు తెస్తె ఇద్దరు మనుషులను కావలికి తేవాలె. మనిషిని తోలుకొచ్చినోన్ని నేనెన్నడన్న ఆపిన్నా? గుర్వమ్మ మూడు నూర్ల గొర్లు తెచ్చింది, కొడుకులు, అల్లుండ్లు, తనతోని ఆరుగురు వచ్చిన్రు. ఆ యేడు తోడేలు మంద దిక్కు కన్నెత్తి సూడలే. మర్చినవా?"

ఉమ కంచం పక్కకు జరిపింది.

"గొర్ల లెక్క పట్టుకున్నవ్, మనిషిని ఇడిసిపెట్టినవ్. సగం మాట రాసినవ్ బిడ్డా." పెద్దనాయినకు నిజంగానే కోపం వచ్చింది. "మందల కలిసినంక వాని గొర్లు, నా గొర్లు అని ఉంటదా? కావలి వంతుల వాని పేరుంటది, నా పేరుంటది. వంతు ఒక్కటే. వాన్ని బయట నిలవెట్టి గొర్లను మాత్రం లెక్కవెడ్తె, గా మంద ఎట్ల నడుస్తదే?"

నేను గంటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పప్పు అడుగంటింది. ప్రవీణ్ కేకలు వేస్తున్నా నాకు వినిపించలేదు. ఉమ కళ్ళు తుడుచుకుని పెన్ను అడిగింది. మా మెనూ కార్డు వెనక రాయడం మొదలుపెట్టి, అరగంట తల ఎత్తలేదు. తర్వాత చల్లారిన అన్నం మొత్తం తినేసి ఇంకాస్త పెట్టమంది. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

యూనియన్ సర్వసభ్య సమావేశం ఉమ మార్చి మూడో ఆదివారం మా ఫంక్షన్ హాలులో పెట్టించింది. సగం మంది పైలట్లు హైదరాబాద్‌లో, సగం మంది విజయవాడలో ఉంటారు. ఇద్దరికీ నార్కట్‌పల్లి దారిలోనే ఉంటుంది. మొత్తం నూట ఇరవై ఆరుగురు సభ్యుల్లో ఎనభై నాలుగు మంది వచ్చారు, మిగిలినవాళ్ళకు ఆ రోజు డ్యూటీ. హద్దు మార్చాలంటే వచ్చినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అంటే యాభై ఆరు. మేనేజ్‌మెంట్ తరఫున జనరల్ మేనేజర్ నవీన్‌కుమార్ కూడా వచ్చాడు. ఆయనను మా ఫ్యామిలీ రూమ్‌లో కూర్చోబెట్టాం.

శివకృష్ణతో సహా చిన్న కంపెనీ పైలట్లు ఇరవై మంది దాకా వచ్చారు. వాళ్ళకు ఓటు లేదు గనక లోపలికి రానివ్వలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఓటున్నవాళ్ళకు ఏసీ హాలు, బతుకే పోతున్నవాళ్ళకు వరండా! నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ళకే ముందు టిఫిన్ పెట్టమని ప్రవీణ్‌కు చెప్పి, లోపలివాళ్ళను కాసేపు కాచుకునేలా చేశాను.

మజ్జిగ గ్లాసుల ట్రే పట్టుకుని నేను హాలులోకి వెళ్ళేసరికి కృష్ణకాంత్ లేచి మాట్లాడుతున్నాడు.

"ఏడేండ్ల కింద గీమెనే రెండు గంటలు కొట్లాడి యాభై పెట్టించింది. ఇప్పుడు తనది ఆగిపోతున్నదంటే తీసెయ్యమంటున్నది. మనం పెట్టుకున్నది రూలా, చాయ్‌ల చక్కెరా? ఎవలకు ఎంత కావాల్నంటే అంత ఏసుకునేటందుకు?"

అందరూ నవ్వారు. ఉమ లేచింది.

"సార్ అన్నది నిజం. గా వాక్యం రాసింది నేనే. నేను తీసెయ్యమని అడుగుతలేను. తప్పు రాసిన, సగమే రాసిన, మిగిలిన సగం రాయనియ్యుండ్రి అంటున్న."

తర్వాత వాళ్ళ నాయిన మంద గురించి, కావలి వంతు గురించి చెప్పింది. వెనక వరసలో ఎవడో "ఇగ మనకు గొర్ల రూల్సా!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఉమ ముఖం ఎర్రబడింది.

"నవ్వుండ్రి. ఏడేండ్ల సంది మీరందరు పట్టుకొని కూసున్న యాభై గూడ గొర్ల రూలే. మా నాయిన నోట్లెకెల్లి వచ్చిందే. అప్పుడు చప్పట్లు కొట్టిన్రు గద?"

నవ్వులు ఆగాయి. నా చేతిలో గ్లాసులు గలగలమన్నాయి, సిగ్గేసింది.

"సార్, మన భయం సీట్లు కాదు. మన లిస్టుల లేనోడు, మన జీతం లేనోడు మన పని జేస్తడని భయం. గట్లైతే వాన్ని మన లిస్టులకే తీసుకుందాం. నలభై నాలుగు పేర్లు మన కిందనే రాద్దాం, ఒక్కటే లిస్టు. కొత్త విమానం వస్తె దాని పైలట్లు గూడ గదే లిస్టుల చేరాలె. జెట్‌ల ఖాళీ అయితే బయటోన్ని తేకుంట గీ లిస్టుల ఉన్నోనికే ఇయ్యాలె. జీతాలు మూడేండ్లల్ల సమానం గావాలె. ఇంకొకటి. జెట్లు ఇప్పుడున్న పద్దెనిమిదికి తగ్గద్దు. ఒక్క జెట్టు తగ్గిస్తె, గా దినమే డెబ్బై రెండు సీట్ల విమానాలన్ని ఆగాలె. గింత రాసుకున్నంక సీట్లు ఎన్నుంటె మనకేంది?"

కృష్ణకాంత్ నా ట్రే వైపు చెయ్యి చాచాడు. మజ్జిగ గ్లాసు తీసుకున్నాడు, తాగకుండా పక్కన పెట్టాడు.

"మాటలు మంచిగనే ఉన్నయ్ ఉమా. మేనేజ్‌మెంట్ సంతకం పెడ్తదా?"

"మీరు రాండ్రి సార్, ఇద్దరం పోయి అడుగుదాం. మీరు లేకుంటె నా మాట ఎవలింటరు?"

ఇద్దరూ ఫ్యామిలీ రూమ్‌లోకి వెళ్ళారు. నేను బిర్యానీ వడ్డించే నెపంతో రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఒకే లిస్టుకు నవీన్‌కుమార్ సరేనన్నాడు, జీతాల దగ్గర గింజుకుని ఒప్పుకున్నాడు, పద్దెనిమిది జెట్ల దగ్గర మాత్రం మొండికేశాడు. అప్పుడు లేచాడు కృష్ణకాంత్. ఆయన గొంతు వంటింటిదాకా వినిపించింది. పొద్దున ఉమ మీద ఎగిరిన మనిషి, ఉమ రాసిన వాక్యం కోసం బల్ల గుద్దుతున్నాడు! "గీ లైన్ లేకుంటె నేనే పోయి వద్దని ఓటేయిస్త, నీ తాళం నువ్వు ఏసుకో" అన్నాడు. నవీన్‌కుమార్ ఫోన్ తీసి పైవాళ్ళతో పావుగంట మాట్లాడాడు. చివరికి, ఇవాళే యూనియన్ ఒప్పుకుంటే ఇవాళే సంతకం అన్నాడు. ఆయన ముందు పెట్టిన బిర్యానీ చల్లారిపోయింది, వేడిది మళ్ళీ పంపించాను.

ఇక ఓటు. చీటీలు తేవడం మరిచిపోయారట! వందలమందిని మోసుకుని ఆకాశంలో తిరిగేవాళ్ళు, ఓటింగుకు చీటీలు మరిచిపోయారు. నేను నోరు నొక్కుకోలేక, "మా భోజనం టోకెన్లున్నయ్, తీసుకోండ్రి" అన్నాను. ఎరుపు వెజ్, నీలం నాన్‌వెజ్. నీలం వేస్తే మార్పుకు సరే, ఎరుపు వేస్తే వద్దు. ఒక్కొక్కరికీ రెండూ ఇచ్చాం. ఒకటి సాంబారు గిన్నెలో వేయాలి, రెండోది జేబులో దాచుకోవాలి. గిన్నె మీద మూత పెట్టి చిన్న సందు వదిలాను.

కృష్ణకాంత్ మాత్రం దాచలేదు. అందరికీ కనిపించేలా నీలం టోకెన్ పైకెత్తాడు. "పుట్టిన కాడికెల్లి నేను నాన్‌వెజ్ ముట్టలే. ఇయ్యాల పట్టుకుంటున్న, సూడుండ్రి" అని గిన్నెలో వేశాడు. హాలంతా ఈలలు వేసింది.

లెక్కపెట్టమని నాకే ఇచ్చారు. "స్వరూపమ్మా, మీరు ఏ పక్షం కాదు" అన్నాడు కృష్ణకాంత్. కాదనే తలూపాను. దేవుడు క్షమించాలి. టోకెన్లు బల్లమీద కుమ్మరించి నీలం ఒకవైపు, ఎరుపు ఒకవైపు పేర్చాను. కిటికీ అద్దాలకు వరండాలోని ముఖాలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. శివకృష్ణ ఒక్కడు మాత్రం అటు తిరిగి రోడ్డు మీది లారీలను చూస్తున్నాడు. నీలం యాభై దాటింది. యాభై నాలుగు. యాభై ఐదు. ఆ తర్వాత వరసగా నాలుగు ఎరుపు. ఐదోది నీలం.

"యాభై ఆరు!" అని నేను అరిచిన అరుపుకు ప్రవీణ్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

మొత్తం తేలేసరికి నీలం అరవై ఒకటి, ఎరుపు ఇరవై మూడు. ఎవరో తలుపు తీశారు. వరండా మొత్తం హాలులోకి వచ్చిపడింది. కుర్చీలు రెండు విరిగాయి, విరగనీ. శివకృష్ణ ఉమ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించబోయాడు. ఆమె వాడి వీపు మీద గట్టిగా ఒకటి చరిచి, "పోయి అన్నం తినుపో, పొద్దుగాల సంది ఏం తిన్నవో ఏమో" అంది. పావుగంటలో నవీన్‌కుమార్ సంతకం అయిపోయింది. ఆ మధ్యాహ్నం మా హోటల్‌లో బిర్యానీ అయిపోయి, ప్రవీణ్ రెండోసారి పొయ్యి వెలిగించాడు.

మొదటి డెబ్బై రెండు సీట్ల విమానం మార్చి ఆఖరికే వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో దాని మొదటి ప్రయాణం, హైదరాబాద్ నుంచి నాందేడ్‌కు. కెప్టెన్ ఉమారాణి, పక్క సీట్లో శివకృష్ణ. అప్పటికి అతనికి ఆడపిల్ల పుట్టి పది రోజులు. నాన్న ఉద్యోగం ఉండగానే పుట్టింది చక్కని తల్లి.

ఆ రోజు పొద్దున్నే మోత్కూర్ నుంచి శంషాబాద్ పోతూ ఉమ మా హోటల్ దగ్గర ఆగింది. ఒంటిమీద యూనిఫారం, భుజాల మీద నాలుగు గీతలు. వెంట పెద్దనాయిన ఉన్నాడు, విమానం పైకి లేవడం చూస్తానని బయల్దేరాడు. మంచి టిఫిన్ల వేళ, టేబుళ్ళన్నీ నిండి ఉన్నాయి. ఉమ సంచిలోంచి కాగితాలు తీసింది. కొత్త లిస్టు. పెద్దనాయిన దాన్ని నాకు ఇవ్వమన్నాడు.

"స్వరూపా, జర సదువు బిడ్డా. అందరి పేర్లు సదువు."

"అన్ని పేర్లా? నూట డెబ్బై ఉన్నయ్ పెద్దనాయిన!"

"ఉండనీ."

మనకు కాదనే ధైర్యం ఎక్కడిది? కౌంటర్ దగ్గరే నిలబడి చదవడం మొదలుపెట్టాను. కృష్ణకాంత్‌తో మొదలైంది. పెద్దనాయిన కళ్ళు మూసుకుని, వేళ్ళ గణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ వింటున్నాడు. లారీ డ్రైవర్లు ఇడ్లీ నములుతూ నన్నే చూస్తున్నారు. మధ్యలో బిల్లులు తీసుకుంటూ, చిల్లర ఇస్తూ చదివాను. నూట ఇరవై ఏడో పేరు శివకృష్ణ. అక్కడి నుంచి నలభై నాలుగు కొత్త పేర్లు. ఆఖరి పేరు చదివి, నీళ్ళు తాగి, "అయిపోయింది" అన్నాను.

పెద్దనాయిన కళ్ళు తెరవలేదు. "ఒకటి తక్కువుంది."

"లేదు పెద్దనాయిన, అన్ని సదివిన."

"నూట అరవై తొమ్మిదే వచ్చినయ్. ఒకటి తప్పింది."

"నాయిన, టైమైతాంది, పోవాలె" అంది ఉమ.

"తప్పింది దొరకకుంట ఎట్ల కదుల్తవ్?" అని ఆయన కుర్చీలోంచి లేవలేదు.

ఒక డ్రైవరు నవ్వాడు. వాడిని ఒక చూపు చూసి, కాగితాలు మళ్ళీ మొదటి నుంచి వేలుపెట్టి చూసుకుంటూ వచ్చాను. రెండో కాగితం అడుగున, నేనెవరికో చిల్లర ఇచ్చి పేజీ తిప్పిన చోట ఉంది. తొంభై ఏడో నంబరు.

"తొంభై ఏడు," అని గట్టిగా చదివాను. "ఉమారాణి, రామచంద్రయ్య బిడ్డ."

అందులో రామచంద్రయ్య బిడ్డ అని లేదు. నేనే కలిపాను.

పెద్దనాయిన ఆఖరి గణుపు మీద బొటనవేలు ఆపి కళ్ళు తెరిచాడు. బిడ్డను నాలుగు గీతల భుజాల నుంచి బూట్ల దాకా ఒకసారి చూసుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. "ఇగ తోలుకపో బిడ్డా."